బొట్టు పెట్టిన హార్డ్ డిస్కు

ఫోరస్ రోడ్డు మీద తాళంచెవులు చేసే దుకాణానికి ఆనుకుని ఒక అర దుకాణం ఉంది. అర అంటే నిజంగా అరే. ఒక మనిషి లోపల కూర్చుంటే రెండో మనిషి రోడ్డు మీద నిలబడి మాట్లాడాలి. పైన బోర్డు మీద మరాఠీలో, హిందీలో, తెలుగులో ఒకే మాట: ‘పోయినవి దొరుకును’. ఆ బోర్డు కట్టిన మొదటి వారంలో సపన దగ్గరికి ముగ్గురు వచ్చారు. ఒకాయన రేషన్ కార్డు పోయిందన్నాడు. ఒకామె మేక పోయిందన్నది. మూడో ఆమె ఏమీ అనకుండా మొగుడి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. ఫోన్లలో, కంప్యూటర్లలో పోయినవి మాత్రమే వెతుకుతానని చెప్పేసరికి సపన గొంతు పోయింది. మేక ఆమె మర్నాడు మళ్లీ వచ్చింది. మేక ఫోటో ఫోన్లో ఉండేదట, అదీ పోయిందట. ఫోటో దొరికింది. మేక దొరకలేదు.

సపనకు ఇరవై ఎనిమిదేళ్లు. కామాటిపురలో పుట్టింది, అక్కడే ఉంది. ముత్తాత పాలమూరు నుంచి ఈ ఊరికి రాళ్లు మోయడానికి వచ్చాడు. తాత కూడా మోశాడు. తండ్రి మోయనని చెప్పి టెంపో నడిపాడు, నడిపినన్నాళ్లు నడిపి గుండెపోటుతో పోయాడు. సపన కాలేజీకి ఏడాదిన్నర వెళ్లి మానేసింది. దాని వెనక కన్నీటి కథ ఏమీ లేదు. ఎవరూ మాన్పించలేదు. విసుగొచ్చింది, మానేసింది. లామింగ్టన్ రోడ్డులో పాడైన డిస్కుల నుంచి సమాచారం తీసే ఒక దుకాణంలో పనికి కుదిరి, ఐదేళ్లు అక్కడ స్క్రూలు విప్పింది. నల్ల తెర పరిచయమైంది అక్కడే.

నల్ల తెర అంటే, బొమ్మలూ బటన్లూ ఏమీ లేని తెర. స్లూత్ కిట్ అని ఒక పనిముట్ల సంచి ఉంటుంది. మేస్త్రీ సంచిలో తాపీ, గుండు, రసమట్టం ఉన్నట్టే ఇందులో చిన్న చిన్న ఆజ్ఞలు ఉంటాయి. ఎమ్ఎమ్ఎల్ఎస్ అని కొడితే డిస్కులో గోడలు ఎక్కడున్నాయో చెబుతుంది. ఎఫ్ఎల్ఎస్ అని కొడితే ఆ గోడల మధ్య ఏమేమి ఉన్నాయో, ఎవరో చెరిపేసినవాటితో సహా వరసగా చదువుతుంది. చెరిపేసినవాటి పక్కన ఒక చుక్క గుర్తు ఉంటుంది. ఆ గుర్తు పక్కనున్న అంకెను ఐక్యాట్ చేతికిస్తే, అది లోపలికి పోయి ఆ ఫైలును చెవి పట్టుకుని లాక్కొస్తుంది. ఈ సంచి అడగనిది చెప్పదు, అడిగింది దాచదు. ఇలాంటి మనిషి తమ గల్లీలో ఒక్కరూ లేరని సపన అభిప్రాయం. తల్లి తారాబాయి అభిప్రాయం వేరు. “ఆ నల్ల తెర జూసి జూసి పిల్ల మాటలు గూడ గట్లనే అయినయి. మెత్తగ ఒక్కటి రాదు నోట్లకెళ్లి.”

తారాబాయి ఇంట్లోనే ఖానావళి నడుపుతుంది. రెండు పూటలా ముప్పై మందికి జొన్నరొట్టె, పప్పు. గల్లీలో సగం మంది కడుపులు ఆమె చేతిలో ఉన్నాయి కాబట్టి గుడి, పండగలు చూసే గల్లీ మండలిలో సగం ఓట్లు కూడా ఆమెవే. మిగిలిన సగం పై అంతస్తులో ఉండే రత్నాబాయివి. రత్నాబాయి పెళ్లిళ్లకు, పురుళ్లకు, చావులకు ముందుండి నడిపించే మనిషి. వీళ్లిద్దరి మొగుళ్లు అన్నదమ్ముల పిల్లలు. ఒకే పాలివాళ్లు. అందుకని తారాబాయి ఆమెను “అక్కా” అంటుంది. ఆ పిలుపును పళ్లు కొరుకుతూ కూడా పిలవవచ్చని తారాబాయిని చూసే తెలుసుకోవాలి.

ఆషాఢంలో గల్లీ పోచమ్మకు బోనాలు. పద్నాలుగేళ్ల కిందట గుడి కొత్తగా కట్టి అమ్మవారిని నిలబెట్టారు. ఆ మరుసటి ఏడాది నుంచి ఏటా తారాబాయి, రత్నాబాయి పక్కపక్కన, అడుగులో అడుగు కలుపుతూ, బోనాలెత్తుకుని అందరికంటే ముందు నడుస్తారు. ఒక వేలెడు ముందుకు ఎవరూ పోరు, వెనక్కి ఎవరూ తగ్గరు. మాటల్లో నాదంటే నాదనుకున్నా, నడకలో ఏ గొడవా లేదు. గొడవ తెచ్చింది బిల్డింగు. పాత గోడలు ఒరుగుతున్నాయని ఈ ఏడు వానలకు ముందు గల్లీ మొగదలలో గోడలకు ఊతంగా ఇనుప టేకులు నిలబెట్టారు. వాటి మధ్య సందులో ఒక్క మనిషే పడుతుంది. బోనమెత్తుకున్న మనిషైతే ఊపిరి బిగబట్టి మరీ పోవాలి.

ఇద్దరు పట్టరు. మరి ముందు ఎవరు?

“గుడి నిలవెట్టిన నాడు మొదటి బోనం నాది,” అంది తారాబాయి మండలి సమావేశంలో.

“నీదా? నువ్వు గా నాడు ఏడ ఉంటివే తారా? ముందర పోయింది నేను. కండ్లకు కట్టినట్టున్నది నాకు,” అంది రత్నాబాయి.

ఇద్దరూ పోచమ్మ మీద ఒట్టేశారు. ఇద్దరి ఒట్టూ ఒకే గొంతుతో, ఒకే బలంతో పడింది. ఆ రోజు చూసినవాళ్లలోనూ సగం మంది ఈమె అన్నారు, సగం మంది ఆమె అన్నారు. అప్పుడు ఎవరో గుర్తు చేశారు: ఆ రోజు వీడియో తీశారు కదా, మండలి హార్డ్ డిస్కులో ఉండాలి కదా. అందరూ బక్కయ్య వైపు తిరిగారు. బక్కయ్య డెబ్బై నాలుగేళ్ల పాత మేస్త్రీ, మండలి కార్యదర్శి. డిస్కు ఆయన ట్రంకు పెట్టెలో ఉంటుంది. ఆయన పైకప్పు చూశాడు, నేల చూశాడు, చివరికి లేచి వెళ్లి డిస్కు తెచ్చి సపన చేతిలో పెట్టాడు.

దాని మీద పసుపు పూసి ఉంది. మూడు కుంకుమ బొట్లు. యూఎస్‌బీ తీగ తగిలించే కంతలో గంధం.

“తాతా, ఏంది ఇది?”

“దసరకు పనిచేసే హత్యార్లు కడుగుత గద బిడ్డా. తాపీ కడిగిన, గుండు కడిగిన. ఇది గూడ మండలి హత్యారే గద. కడగక పక్కకు వెడితే దానికి బాధయితదనిపించింది.”

“దేంతోని కడిగినవ్?”

“పసుపు నీళ్లతోని. మంచిగనే కడిగిన. సబ్బు వెట్టలే,” అన్నాడు బక్కయ్య, సబ్బు పెట్టకపోవడమే తన జాగ్రత్త అన్నట్టు.

రత్నాబాయి వెంటనే లేచింది. “గిదేం న్యాయం? తల్లి కొట్లాట, బిడ్డ పంచాయితా? డిస్కు ఈ పిల్ల చేతుల వడ్డంక బోనం ఎవరిదయితదో నాకు దెల్వదా?”

“పెద్దమ్మా, నువ్వు నా పక్కన కూసో. మొదటి నుంచి ఆఖరు దాకా. నేను లేస్తే నా ఎంబడి లెవ్వు,” అంది సపన. ఆ మాట అన్నందుకు తర్వాత చాలా బాధపడింది, ఎందుకంటే పెద్దమ్మ నిజంగానే వచ్చి కూర్చుంది.

దుకాణంలో చోటు లేదు. కాబట్టి తారాబాయి ఉండే ఒంటిగది ఖోలీలోనే, గ్యాసు పొయ్యికి మూడడుగుల దూరంలో, పని మొదలైంది. ముందుగా సపన డిస్కు డబ్బా విప్పి, సర్క్యూటు పలక తీసి, మెత్తటి బ్రష్షుతో, స్పిరిటుతో గంధం కడిగింది. పసుపు ఎంత కడిగినా పోలేదు. ఆరబెట్టి, తీగ తగిలించి, మధ్యలో ఒక చిన్న పెట్టె పెట్టింది. ఆ పెట్టె డిస్కులోంచి చదవనిస్తుంది గాని రాయనివ్వదు.

“గిది ఎందుకు?” అంది రత్నాబాయి, చేటలో బియ్యం ఏరుతూ.

“అసలుదాన్ని మనం ఏం జెయ్యొద్దు పెద్దమ్మా. ముందుగాల దాని అచ్చు మొత్తం తీసుకోవాలె. వెతుకుడంతా ఆ అచ్చులనే.”

“మరి గా అచ్చుల నువ్వేమన్న కలిపితే?”

మంచి ప్రశ్న. లామింగ్టన్ రోడ్డులో ఐదేళ్లలో ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఇద్దరే, వాళ్లిద్దరూ వకీళ్లు. “అచ్చు తీసుడు అయినంక దానికి ఒక వేలిముద్ర వస్తది. ముప్పై రెండు అక్షరాలు, అంకెలు. లోపల ఒక్క చుక్క మారినా గా ముద్ర మొత్తం మారుతది. దాన్ని నువ్వే రాసి నీ దగ్గర వెట్టుకో.”

తెర మీద తెల్ల అంకెలు పాకడం మొదలుపెట్టాయి. డిస్కు కొన్నిచోట్ల చదవనని మొరాయించింది. ఆ చోట్లను పక్కన పెట్టి ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, నెమ్మదిగా గీకుతోంది. ఉదయం ఏడింటికి మొదలైంది. పదింటికి ముప్పై శాతం.

“టీవీ ఖరాబైనట్టున్నది,” అంది తారాబాయి రొట్టెలు తడుతూ.

“సీరియల్ కంటే నయమే. గీడ జర ముందుకన్న పోతుంది,” అంది రత్నాబాయి.

మధ్యాహ్నానికి కబురు గల్లీ అంతా పాకింది. సపన చెరిపేసినవి కూడా బయటికి తీస్తోందట. అప్పటిదాకా పోచమ్మ వీడియో గురించే మాట్లాడుకున్న జనానికి ఒక్కసారిగా వేరే సంగతులు గుర్తొచ్చాయి. మండలి కంప్యూటరు పదేళ్లు గల్లీ అందరిదీ. ఫోన్లు నిండినప్పుడల్లా అందులోనే పోసేవాళ్లు, ఆ తర్వాత సిగ్గుపడి చెరిపేసేవాళ్లు. ఒక్కొక్కరే తలుపు దగ్గరికి వచ్చారు. ఒకాయన ఉప్పు అడిగే నెపంతో వచ్చి, “పాత ప్రేమలేఖలు కూడా వస్తయా, ఊకెనే అడుగుతున్న” అన్నాడు. ఆయన వయసు అరవై. ఇంకొకాయన, తాను మండలి అధ్యక్ష పదవికి నిలబడ్డప్పుడు అద్దం ముందు ఉపన్యాసం సాధన చేసిన వీడియో ఎవరికీ చూపించొద్దని దండం పెట్టాడు. రత్నాబాయి కూడా, చేట పక్కకు పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

“సపనా, పిల్ల హల్దీల నేను డాన్సు జేసింది…”

“నేను వెతికేది ఒక్కటే తేదీ పెద్దమ్మా. మిగిలినయి నేను చూడ.”

“చూస్తే చూడు గని, మీ అమ్మకు చూపెట్టకు.”

మూడింటికి అచ్చు పూర్తయింది. వేలిముద్ర వచ్చింది. రత్నాబాయికి చదువు తక్కువ కాబట్టి సపన ఒక్కో అక్షరం చెబుతుంటే గుడి పక్కన నోటీసులు రాసే నల్లబల్ల మీద ఎవరో సుద్దతో రాశారు. ఆ ముప్పై రెండు అక్షరాలను చూసి దారిన పోయే ఒక ముసలాయన చెప్పులు విడిచి దండం పెట్టాడు. ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి వచ్చిన మరొకడు అందులోని అంకెలు మాత్రం ఏరుకుని మట్కా ఆడాడు. తగల్లేదట. మర్నాడు వచ్చి సపననే తిట్టాడు.

ఇంటికి తిరిగొచ్చాక రత్నాబాయి గోడకు ఆనుకుని కునుకు తీసింది. తారాబాయి నీళ్ల డ్రమ్ము దగ్గర పాత్రలు తోముతోంది. సపన డిస్కులో గోడలు చూసింది, చెరిపినవాటి జాబితా అడిగింది. నల్ల తెర మీద చుక్కలు, చుక్కలు, చుక్కలు. వందల కొద్దీ. వాటిలో గుడి నిలబెట్టిన రోజు: రెండు వేల పదకొండు, జూలై ఇరవై నాలుగు, ఆదివారం. ఒకే ఒక్క వీడియో. దాని పక్కన చుక్క ఉంది.

అంటే పసుపు నీళ్లు చంపలేదు దాన్ని. అంతకు ముందే ఎవరో చెరిపేశారు.

ఆ అంకెను ఐక్యాట్‌కు ఇచ్చింది. ఫైలు వచ్చింది. శబ్దం తీసేసి నడిపింది. చెదిరిన గీతల మధ్య గల్లీ, డప్పులు, పోతరాజు కొరడా. జనం రెండుగా చీలారు. మొదటి బోనం కనిపించింది. మోస్తున్న మనిషి వెనక్కి తిరిగి ఉంది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, అంచు మీద నెమళ్లు. ఆ చీర సపన చిన్నప్పుడు ముఖం తుడుచుకున్న చీర. అమ్మదే. సపన గట్టిగా ఊపిరి వదిలింది. అమ్మ నిజమే చెప్పింది.

అప్పుడు ఆ మనిషి ఇటు తిరిగింది. అమ్మ కాదు. పెద్దమ్మ కూడా కాదు. పాతికేళ్ల సన్నటి నల్లటి ఆడమనిషి. సపన ఎన్నడూ చూడని ముఖం; గుడి నిలబెట్టినప్పుడు తను తండ్రితో పాలమూరులో ఉంది.

వెనక తడి చేతులతో తారాబాయి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

“వచ్చిందా?”

“వచ్చింది.”

“నేనేనా?”

సపన ల్యాప్‌టాప్ తల్లి వైపు తిప్పింది. తారాబాయి చాలాసేపు చూసింది. ముఖంలో ముందు కోపం వచ్చింది, తర్వాత ఏదో గుర్తుకు రాబోయింది, అది వచ్చేలోపే నోరు తెరిచింది.

“ఖరాబైందని చెప్పు.”

“అమ్మా.”

“పసుపు నీళ్లు వడ్డయి గద. ఎవరు అడుగుతరు? ఖరాబైందంటే ఓట్లు వెడతరు. ఓట్లు నాయి. కొత్త చీర కొన్న, బిందె తోమిన, సుట్టాలకు చెప్పుకున్న. నువ్వు ఏం అబద్ధం చెప్పే పని లేదు. ఊకెనే ఉండు.”

నిజానికి అది చాలా తేలిక. డిస్కులు పాడవడం సపన రోజూ చెప్పే మాటే. తడిసిన ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్లకు రోజుకు రెండుసార్లు చెబుతుంది, వాళ్లు నమ్మి వెళ్లిపోతారు. ఎందుకు నమ్ముతారంటే, ఇప్పటిదాకా అది ఎప్పుడూ నిజమే కాబట్టి. ఇవాళ అమ్మ కోసం ఒకసారి అంటే, రేపటి నుంచి ఆ మాట అన్నప్పుడల్లా తనకే అనుమానం వస్తుంది. ఇదంతా అమ్మకు విడమరచి చెప్పే ఓపిక సపనకు లేదు. “చెప్ప,” అంది. అంతే.

తారాబాయి పొయ్యి వైపు తిరిగింది. ఆ తర్వాత ఎనిమిది రోజులు కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు. రొట్టెలు మాత్రం పెట్టింది, రొట్టెకు ఒక చప్పుడు చొప్పున.

మర్నాడు, ఆదివారం పొద్దున, మండలి గదిలో అందరి ముందూ సపన మళ్లీ వేలిముద్ర తీసింది. ఇంకొకరు తెర చూసి చదువుతుంటే రత్నాబాయి నల్లబల్ల దగ్గర నిలబడి ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ సరిచూసింది. కలిసింది. వీడియో టీవీలో నడిచింది.

ఆకుపచ్చ చీర కనిపించగానే తారాబాయి తనను తాను ఆపుకోలేకపోయింది. “చూడుండ్రి, అది నా చీర!”

అదే క్షణంలో రత్నాబాయి అరిచింది. “బిందె నాది! ఆ సొట్ట చూడు, మా పెండ్లిల వడ్డ సొట్ట!”

మనిషి ఇటు తిరిగింది.

“లక్ష్మమ్మ,” అన్నాడు బక్కయ్య మూలలోంచి. “గప్పుడు గుడి కట్టుడుకు సిమెంటు మోసింది. మీ ఇద్దరి ఇండ్లల్ల మైల ఉండె. ఊర్ల మీ పెదమామ సచ్చిపోయి నాలుగొద్దులయింది. పాలోళ్లందరికి ముట్టుడు. మీరు బోనమెత్తరాదు. ముహూర్తం ఆగది. గా పిల్లకు చీర లేకుండె, తారాబాయి ఇచ్చింది. బిందె లేకుండె, రత్నాబాయి ఇచ్చింది. మీరిద్దరు గా పక్కన నిలవడి చూసిండ్రు.”

ఇద్దరు ఆడవాళ్లూ టీవీ వైపే చూస్తున్నారు. ఒకామె తన చీర ముందు పోతుంటే చూసింది. ఇంకొకామె తన బిందె ముందు పోతుంటే చూసింది. పద్నాలుగేళ్లు చెప్పుకుని చెప్పుకుని చీర లోపలికి ఒకామె, బిందె కిందికి ఇంకొకామె దూరిపోయారు. అబద్ధమాడింది ఎవరూ లేరు. అదే చిక్కు.

“చెరిపింది ఎవరు తాతా?” అని సపన అడిగింది. అడగనక్కరలేదు, తెలుసు.

“నేనే. కట్టినంక రెండేండ్లకే మొదలువెట్టిండ్రు వీళ్లు, నాదంటే నాదని. వీడియో లేకుంటే లొల్లి సల్లారుతదనుకున్న.” బక్కయ్య తల గోక్కున్నాడు. “లొల్లి సల్లారలే. వీడియో పోయింది.”

“మరి కడుగుడు?”

“కడుగుడు వేరే ముచ్చట బిడ్డా. అది భక్తి.”

లక్ష్మమ్మ ఇప్పుడు వర్లిలో ఒక పెద్ద టవరు కడుతుంటే అక్కడ పని చేస్తోందని బక్కయ్యకు తెలుసు. ఫోన్ చేస్తే మధ్యాహ్నం వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్లు, మోచేతుల దాకా సిమెంటు ఎండి ఉంది. టీవీ ముందు చతికిలబడి తనను తాను చూసుకుంది.

“నేను గింత సన్నగ ఉంటినా!” అంది. మళ్లీ వేయించుకుంది. మూడోసారి వేయించుకుని, “గా చీర బాగుండె. తెల్లారి వాపసు అడిగింది గా అక్క,” అంది, తారాబాయిని గుర్తుపట్టకుండా, తారాబాయితోనే.

తారాబాయి ఏదో దగ్గింది.

“ఈ ఏడు గూడ మొదటి బోనం నువ్వే ఎత్తుకోవాలె లక్ష్మమ్మా,” అన్నాడు బక్కయ్య. గదిలో అందరూ ఆమె వద్దంటుందని ఎదురుచూశారు. తారాబాయి, రత్నాబాయి ఇద్దరూ మరీ ఎక్కువగా. పని ఉందనో, మెడ నొప్పనో అంటే మళ్లీ మొదటికొస్తారు.

“ఎత్తుకుంట,” అంది లక్ష్మమ్మ. “గని ఈ పాలి చీర నాదే కట్టుకుంట. బిందె నాదే తెచ్చుకుంట. మళ్ల వాపసిచ్చే తిప్పలు నాకొద్దు.”

ఆ పై ఆదివారం వాన తగ్గాక ఊరేగింపు లేచింది. సందు దగ్గరికి వచ్చేసరికి, సహజంగానే, రెండో బోనం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. డప్పులు ఆగాయి. లక్ష్మమ్మ ముందు నిలబడి వెనక్కి చూడలేక, “తొందరగ తేల్చుకోండి, దీపం మీద చూరు నీళ్లు వడుతున్నయి,” అని అరిచింది.

రత్నాబాయి తారాబాయి వైపు చూసింది. తర్వాత ఇనుప టేకు పక్కన వీడియో కెమెరా పట్టుకుని నిలబడ్డ సపన వైపు చూసింది.

“నువ్వే పో తారా.”

“ఎందుకు? భిక్షమేస్తున్నవా?”

“నీ బిడ్డ నీ మీదనే సాక్ష్యం చెప్పింది. గసొంటి బిడ్డను కన్నవ్. నా ఇంట్ల గసొంటిది ఒక్కటి లేదు. పో.” ఒక అడుగు వెనక్కి వేసి, ఊరుకోలేక కలిపింది. “నెమ్మదిగ పో. సందు చిన్నగున్నది, నువ్వు పెద్దగున్నవ్.”

తారాబాయి ముందుకు కదిలింది. ఊపిరి బిగబట్టి, ఒక భుజం ముందుకు పెట్టి, టేకుల మధ్యకు వచ్చింది. సపన రెండడుగుల దూరంలో ఉంది. తల తిప్పే వీలు లేదు కాబట్టి తారాబాయి కళ్లు మాత్రం పక్కకు తిప్పింది.

“మొహం మంచిగ వస్తున్నదా?” అంది. ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట.

“వస్తున్నది.”

“చీర కాదు. మొహం తియ్యి. మళ్ల పదేండ్లకు ఎవడన్న అడుగుతడు.”